చారిత్రక నగరములు – మిత్రబృందము

వసంతకాలము వచ్చి, పరీక్షలు ముగిసి, పాఠశాలల తలుపులు మూతపడినంతనే విద్యార్థుల మనస్సులు దూరప్రదేశములమీదికి పోవుట సహజము. నలుగురైదుగురు స్నేహితులు ఒకచోట కూడుదురు. ఒకడు ఓరుగల్లు చూడవలెననును. మఱియొకడు గోలకొండ యనును. వేఱొకడు హంపికంటె చూడదగిన చోటు లేదని వాదించును. తల్లిదండ్రులను ఒప్పించుట, ఖర్చు లెక్కవేయుట, రైలుబండ్ల వేళలు తెలిసికొనుట, త్రోవలో తినుటకు పులిహోర మూటగట్టించుకొనుట మొదలగు పనులతో ఇల్లంతయు సందడిగా నుండును. ఈ ఉత్సాహమును చూచి కొందఱు పెద్దలు సంతోషింతురు. మఱికొందఱు “ఱాళ్లను చూచుటకు ఇంత దూరము పోవలెనా?” అని పెదవి విఱుతురు.

ఆ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. కాకతీయరాజుల పేర్లు, కుతుబ్ షాహీల పాలనాకాలము, విజయనగరము పాడుపడిన సంవత్సరము పాఠ్యపుస్తకములందే యున్నవి. ఇంట కూర్చుండి చదివినను అవి తెలియును. చిత్రములు చూడగోరినచో నేడు చేతిలోని ఫోనునందే వేలకొలది కనబడును. అట్టియెడ ఎండలో తిరిగి, ధనము వెచ్చించి, కాళ్లు నొప్పించుకొని పొందెడి విశేషమేమి? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పలేని విద్యార్థి యాత్రకు పోయినను, పోకున్నను ఒక్కటియే.

సమాధానము గోలకొండ కోటవాకిటనే దొరకును. ఫతే దర్వాజా గుమ్మటము క్రింద తగిన చోట నిలిచి చప్పట్లు చఱచినచో ఆ ధ్వని సుమారు ఒక కిలోమీటరు దూరమున, కొండకొమ్ముననున్న బాలాహిస్సారువద్ద వినవచ్చును. శత్రువు వచ్చినపుడు పైవారిని హెచ్చరించుటకు ఈ యేర్పాటు ఉపయోగపడెడిదని చెప్పుదురు. ఈ సంగతిని పుస్తకమున చదివినవాడు మఱునాడు మఱచిపోవచ్చును. ఇద్దఱు స్నేహితులు క్రింద నిలిచి, ఇద్దఱు పైకెక్కి, ఆ చప్పుడును తమ చెవులతో వినినచో ఎన్నటికిని మఱవరు. అంతేకాదు, “ఇది యెట్లు జరిగినది?” అను ప్రశ్న వారిలో పుట్టును. ధ్వని గోడలకు తగిలి మరలుటను గూర్చి శాస్త్రపాఠమున చదివినది వారికి అపుడు నిజముగా అర్థమగును. పుస్తకము చెప్పిన సమాధానములకు తగిన ప్రశ్నలను స్థలము పుట్టించును. విద్యకు రెండును కావలయును.

పాలంపేటయందలి రామప్ప దేవాలయము సంగతియు ఇట్టిదే. దానిని 1213లో రేచర్ల రుద్రుడు కట్టించెను. 2021లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించినది. శిఖరమునకు వాడిన ఇటుకలు నీటిపై తేలునంత తేలికయైనవి. పునాదిగుంటను ఇసుకతో నింపి దానిపై గుడిని నిలిపిరి. పైనుండు బరువును తగ్గింపవలెనని, క్రిందనుండు నేల కదలినను గుడి కూలకుండునట్లు చూడవలెనని ఎనిమిది వందల యేండ్లకు పూర్వమే ఆలోచించిన పనివారు ఈ నేలమీద నుండిరి. ఆ గోడల ముందు నిలిచినపుడు ‘పూర్వులు గొప్పవారు’ అను మాట వట్టి పొగడ్తగా మిగులక, వారి గొప్పతనము ఏ పనియందున్నదో తెలియును.

కావున చారిత్రక నగరములను చూడవలసినదే. అయినను ఏటేట జరుగుచున్న యాత్రలలో చాల భాగము నిష్ఫలములగుచున్నవి. దీనికి మొదటి కారణము తొందర. మూడు దినములలో పండ్రెండు చోట్లు చూడవలెనని బయలుదేఱిన బృందము ఒక్క చోటనైన చూడదు. బండి దిగుట, కట్టడము ముందు వరుసగా నిలుచుట, ఛాయాచిత్రము తీసికొనుట, మరల బండియెక్కుట, ఇంతియే వారి యాత్ర. ఇల్లు చేరిన పిదప చిత్రములోని ముఖములను గుర్తుపట్టగలరు గాని వెనుకనున్న కట్టడము ఏదియో చెప్పలేరు. పండ్రెండు చోట్లకు మాఱుగా ఒకదానితో నొకటి సంబంధముగల రెండు మూడు నగరములను ఎన్నుకొని, ఒక్కొక్కచోట ఒకటి రెండు దినములు నిలుచుట మేలు. ఏలయనగా ఒక నగరపు కథ సగము మఱియొక నగరమున నుండును.

గోలకొండకును హంపికిని గల సంబంధమే దీనికి నిదర్శనము. కుతుబ్ షాహీ వంశమువాడైన ఇబ్రహీం తన యన్న జంషీదు పాలనలో ప్రాణభయమున పాఱిపోయి, విజయనగరమున అళియ రామరాయల ఆశ్రయమున సుమారు ఏడేండ్లు గడపెను. 1550లో గోలకొండకు మరలివచ్చి సుల్తానయ్యెను. తెలుగుకవులను ఆదరించి, వారిచేత ‘మల్కిభరాము’డని పిలిపించుకొనెను. అద్దంకి గంగాధరకవి తన ‘తపతీసంవరణోపాఖ్యాన’మును ఆయనకే అంకితమిచ్చెను. ఆ యిబ్రహీమే 1565లో తక్కిన దక్కను సుల్తానులతో చేరి రామరాయలపై యుద్ధమునకు నడచెను. ఆ యుద్ధమున రామరాయలు మరణించెను. విజయనగరము దోపిడికి గుఱియై పాడుపడెను.

గోలకొండను మాత్రమే చూచినవానికి ఇబ్రహీం కవిపోషకుడుగా కనబడును. హంపిని మాత్రమే చూచినవానికి శత్రువుగా కనబడును. రెండును చూచినవాడు ఆలోచనలో పడును. ఉప్పుతిన్న ఇంటిమీదికి ఆతడు ఏల దండెత్తెను? కృతఘ్నతయా? రాజ్యభయమా? సుల్తానులలో ఒకరిపై నొకరిని ఉసికొల్పిన రామరాయల రాజనీతికి ఇది ఫలితమా? హోసపేటకు పోవు రైలులో కూర్చుండి నలుగురు మిత్రులు ఈ విషయమును వాదించుకొనిరేని, ఆ వాదము ఎటు తేలినను, చరిత్ర యనగా సంవత్సరముల పట్టిక కాదని వారికి తెలిసిపోవును. ఒంటరిగా పోయినవానికి ఈ లాభము లేదు. మిత్రులతో కలసి పోవుటకు ఇదియే ముఖ్యప్రయోజనము.

ఇచ్చటనే ఒక ప్రమాదము కూడ కలదు. పగిలిన విగ్రహములను, మొండిగోడలను చూచినపుడు లేతమనస్సులు కలతపడును. గుడులు పగిలినమాట నిజము. దానిని దాచవలసిన పనిలేదు. కాని కొందఱు ఆ కలతను పగగా మార్చుకొని, నాటి సైన్యములు చేసిన పనికి నేటి పొరుగువానిని బాధ్యుని చేయుదురు. ఇది చరిత్రను చదువుట కాదు. మతమొక్కటియే యుద్ధములకు కారణమైనచో, 1513లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల యుదయగిరిని ముట్టడించి యుండడు. 1687లో ఔరంగజేబు గోలకొండను ఎనిమిది నెలలు ముట్టడించి పట్టుకొని యుండడు. రాజులు రాజ్యములకొఱకు పోరాడిరి. శిల్పులు, కవులు ఆ సరిహద్దులను అంతగా పాటింపలేదు. హంపిలోని కమలమహలునందు గూళ్లవంటి కమానులను, ఏనుగుశాలలపై గుమ్మటములను చూచినవాడు, పనివారి నేర్పు ఒక మతమువారినుండి మఱియొక మతమువారికి ఎంత సులభముగా ప్రాకినదో గ్రహింపగలడు. శిథిలములను చూచి దుఃఖించుట మానవధర్మము. ఆ దుఃఖమును ప్రక్కనున్న మిత్రునిపై కోపముగా మార్చుట అధర్మము. భిన్నమతములవారైన బాలురు ఒకే బృందముగా పోయి, ఒకే స్తంభమునీడన కూర్చుండి, తెచ్చుకొన్న అన్నము పంచుకొని తినినచో అంతకంటె మంచి చరిత్రపాఠము వేఱొకటి యుండదు.

యాత్రలు నిష్ఫలములగుటకు రెండవ కారణము వ్రాతలేకుండుట. చూచినది వ్రాయనిచో నిలువదు. తెలుగువారికి ఈ విషయమున మంచి మార్గదర్శకుడు కలడు. మద్రాసు సుప్రీంకోర్టున ఉద్యోగియైన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీయాత్రకు బయలుదేఱి, 1831 సెప్టెంబరున మరలివచ్చెను. రైళ్లు లేని కాలమది. త్రోవలో తాను చూచిన ఊళ్లు, బాటలు, నీటివసతి, వస్తువుల లభ్యత, జనుల ఆచారములు ఏనాటికానాడు వ్రాసియుంచెను. ఆయన మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల ఆ వ్రాతను 1838లో ‘కాశీయాత్రచరిత్ర’ యను పేర అచ్చువేయించెను. పుణ్యముకొఱకు కాశికి పోయినవారు ఆ కాలమున వేలకొలది యుందురు. ఆనాటి త్రోవలను, ఊళ్లను నేటివారి కన్నులకు గట్టినవాడు మాత్రము వీరాస్వామయ్య. ఒకని వ్రాత, మఱియొకని మైత్రి కలసి ఆ గ్రంథమును బ్రదికించినవి.

విద్యార్థులు అంత గ్రంథము వ్రాయనక్కఱలేదు. ఒక చిన్న నోటుపుస్తకము చాలును. బృందములో పనులు పంచుకొనవచ్చును. బొమ్మ గీయగలవాడు ఓరుగల్లు కోటలోని కీర్తితోరణమును గీయవచ్చును. లెక్కలయందు ఆసక్తిగలవాడు మెట్లను, స్తంభములను లెక్కింపవచ్చును. మాటకారియైనవాడు ఆ యూరి వృద్ధులతో మాటలాడి, వారు చెప్పు కథలను వ్రాసికొనవచ్చును. శాసనముల లిపిని పరిశీలించువాడు నేటి అక్షరములతో పోల్చిచూడవచ్చును. రాత్రి బసలో నలుగురును తమతమ పుటలను ఒకరికొకరు చదివి వినిపించుకొనినచో ఒకరి కన్నులు నలుగురివగును. వ్రాసికొనునపుడు వినినదానిని, చూచినదానిని వేఱువేఱుగా నుంచవలెను. గోలకొండ వజ్రములు గోలకొండలోనే త్రవ్వబడినవని చాలమంది చెప్పుదురు. అవి కృష్ణాతీరమునందలి కొల్లూరు వంటి గనులలో దొరకినవి. గోలకొండ వాటికి అంగడి. విచారింపక వ్రాసినచో ఇట్టి పొరపాట్లే తరతరములు నడచును.

మిత్రబృందము వలన ఇన్ని మేళ్లు కలవు. కాని బృందమునందు ఒక బలహీనతయు నున్నది. ఒంటరిగా నున్నపుడు ఎవడును చేయని తప్పును నలుగురు కలసినపుడు నవ్వుచు చేయుదురు. 2019 ఫిబ్రవరిలో హంపియందలి ప్రాచీన దేవాలయప్రాంగణమున కొందఱు యువకులు ఱాతిస్తంభమును త్రోసి పడగొట్టిన దృశ్యము దేశమంతట ప్రాకినది. దానిని చిత్రించినవారును ఆ బృందములోనివారే. పోలీసులు నలుగురిని పట్టుకొనిరి. న్యాయస్థానము ఒక్కొక్కరికి 70,000 రూపాయల జరిమానా విధించి, పడిన స్తంభములను తిరిగి నిలబెట్టుడని ఆజ్ఞాపించెను. వారు ఆ పని చేయవలసివచ్చెను.

త్రోసినవానిది తప్పని అందఱును అందురు. కాని ఆలోచింపదగినది మఱియొకటి కలదు. ప్రక్కన నిలిచినవారిలో ఒక్కడైనను “వద్దు” అని చేయి పట్టుకొనియున్నచో ఏమి జరిగియుండెడిది? స్తంభము నిలిచియుండును. మిత్రుల పరువు నిలిచియుండును. తల్లిదండ్రులకు ఆ దుఃఖము తప్పియుండును. ఆ ఒక్కమాట చెప్పుటకు కావలసిన ధైర్యము, కోటగోడ యెక్కుటకు కావలసిన ధైర్యముకంటె పెద్దది. ‘పిఱికివాడు’ అని నవ్వుదురేమో, ‘సరదా తెలియనివాడు’ అని వెలివేయుదురేమో అను సంకోచము నోటిని మూయించును. మిత్రులు చేయు ప్రతిపనికి తల యూపువాడు మిత్రుడు కాడు. మిత్రుడు తప్పుచేయకుండ ఆపి, అతని కోపమును ఒక గడియ ఓర్చుకొనువాడే మిత్రుడు. యాత్రకు బయలుదేఱునపుడు ప్రతివిద్యార్థియు తన బృందమున అట్టివాడొకడు ఉన్నాడా యని చూచుకొనవలెను. లేకున్నచో తానే అట్టివాడు కావలెను.

పడగొట్టుటకును నిలబెట్టుటకును గల భేదమును హనుమకొండ చెప్పును. అచ్చటి వేయిస్తంభముల గుడిని 1163లో కాకతి రుద్రదేవుడు నిర్మింపజేసెను. శివునకు, విష్ణువునకు, సూర్యునకు మూడు గర్భాలయములు ఒకే గుడియందున్నవి. దానికి ఎదురుగా నున్న కల్యాణమండపము క్రుంగి శిథిలమగుచుండగా, దానిని ఱాయి ఱాయిగా విప్పి మరల కట్టవలసివచ్చెను. ఆ పనికి పదునైదేండ్లకు పైగా పట్టెను. 2024లో అది తిరిగి తెఱవబడినది. ఒక స్తంభమును త్రోయుటకు ఒక నిమిషము చాలును. పడినదానిని పూర్వపు తీరున నిలుపుటకు శిల్పులకు, ఇంజనీర్లకు ఏండ్లు కావలయును. ఎంత శ్రమపడినను విఱిగిన శిల్పపు వ్రేలు మరల మొలవదు.

ఈ నేరమునకు చట్టమున శిక్షయు కలదు. 1958 నాటి పురాతన కట్టడముల చట్టమును 2010లో సవరించి, రక్షిత కట్టడమునకు హానిచేసినవారికి రెండేండ్లవఱకు చెఱసాల, లక్ష రూపాయలవఱకు జరిమానా విధింపవచ్చునని నిర్ణయించిరి. 1976లో రాజ్యాంగమున చేర్చబడిన ప్రాథమిక విధులలో మన సమ్మిశ్రసంస్కృతి వారసత్వమును కాపాడుట యొకటి. కాని చట్టము ప్రతి స్తంభమువద్దను కావలి నిలువజాలదు. హంపి విఠలాలయమునందలి సంగీతస్తంభములను సందర్శకులు కొట్టి కొట్టి చూచుటచేత అవి చెడునను భయమున, వానిని తాకరాదని నిషేధించిరి. ఒక్కొక్కరు కొట్టినది ఒక్క దెబ్బయే. ‘నేనొక్కడను తాకినంతమాత్రమున ఏమగును?’ అనుకొన్నవారు వేలమంది.

గోడలపై పేర్లు చెక్కువారిది కూడ ఇట్టి తలపే. తమ పేరు శాశ్వతముగా నిలువవలెనని వారి కోరిక కాబోలు. పాలంపేటలోని గుడిని కట్టించిన సేనానిపేరు శాసనమున నున్నది. జనుల నోట నిలిచిన పేరు మాత్రము రామప్ప. అది ఆ గుడిని చెక్కిన శిల్పిపేరని జనశ్రుతి. ఆతనివలె పనిచేసినవారి పేరును లోకమే మోయును. సూదిమొనతోనో, మేకుతోనో గీకినవాని పేరును చూచినవారెల్ల తిట్టుకొందురు.

ఇట్టి యాత్రలు ధనవంతుల బిడ్డలకే గాని అందఱికిని సాధ్యములా యని కొందఱు అడుగుదురు. ఈ సందేహము న్యాయమైనది. దూరపు నగరములకు పోలేనివారు ఎందఱో యుందురు. కాని తెలుగునేలపై చారిత్రకస్థలము లేని సీమ లేదు. కొండవీడు, కొండపల్లి, భువనగిరి, గండికోట, పెనుగొండ, చంద్రగిరి ఇవన్నియు ఏదో యొక పాఠశాలకు చేరువలోనే యున్నవి. విజయనగరము పాడుపడిన పిదప రాయలవంశమువారు పెనుగొండనుండియు, ఆపైన చంద్రగిరినుండియు పాలించిరి. హంపికి పోలేని రాయలసీమ బాలుడు పెనుగొండ కోటను చూచినను ఆ కథలో ఒక అధ్యాయమును చదివినవాడే యగును. కేంద్రపురావస్తుశాఖ కట్టడములలో పదునైదేండ్లలోపు బాలబాలికలకు ప్రవేశరుసుము లేదు. ఊరిచివర పాడుపడిన కోటయో, చెఱువుగట్టున నిలిచిన శాసనపుఱాయియో ఉన్నచో నడచిపోయి చూచుటకు చద్దిమూట యొకటి చాలును. అట్టి అనామకమైన ఱాయికే కాపరులు ఎక్కువ అవసరము. విఖ్యాతమైన కట్టడమునకు కావలివాడుండును. ఊరిచివర శాసనమునకు ఆ యూరి విద్యార్థులే దిక్కు.

చారిత్రక నగరమునకు పోవువారు తాము అతిథులమని గుర్తుంచుకొనవలెను. గోలకొండ గోడల చెంత, ఓరుగల్లు కోటలోపల నేటికిని సంసారములు సాగుచున్నవి. హంపి విరూపాక్షునకు నేటికిని నిత్యపూజలు జరుగుచున్నవి. అవి నిర్జనములైన ప్రదర్శనశాలలు కావు. అచ్చటి వీధులలో కేకలువేయుట, తిన్న పొట్లములను పాఱవేయుట, వాకిట కూర్చున్న వృద్ధులను అడుగకయే చిత్రములు తీయుట మర్యాద కాదు. పొరుగింటికి పోయినపుడు పాటించు నడవడియే అచ్చటను పాటింపవలెను.

శత్రువుల దండయాత్రలకును, వందల యేండ్ల ఎండవానలకును తాళిన ఈ కట్టడములు, సరదాకై వచ్చిన సందర్శకుల చేతిలో పాడగుట సిగ్గుచేటు. వానిని చూచుటకు పోవు విద్యార్థులు చదివి పోవలెను, నిలిచి చూడవలెను, వ్రాసికొని రావలెను, అవసరమైనచోట మిత్రుని చేయి పట్టుకొని ఆపవలెను. అట్టి బృందములు ఊరూర బయలుదేఱినచో ఈ కట్టడములు రాబోవు తరములవారికిని మిగులును.